చంద్రుడి పక్క గడి

జాక్సన్‌విల్
మార్చి 6

పెద్దమ్మా,

నువ్వు పంపిన పెకాన్ పప్పులు అందాయి. సగం డెల్ఫీన్ తినేసింది, మిగతా సగం సోఫా సందుల్లో దాచింది. ఆదివారం సోఫా జరిపితే ఉడతల కాపురం బయటపడింది. తొమ్మిదేళ్ళొచ్చినా దాపరికం మానలేదు నీ మనవరాలు.

ఫోనులో నా మాట బావిలోంచి వచ్చినట్టుంటుందన్నావు కదా, అందుకే రాస్తున్నాను. చెవి మిషను పెట్టుకోమంటే పెట్టుకోవు. అది డ్రాయరులో ఉండి ఏం వింటోందో ఏమో.

ఇక్కడ పెద్ద చిక్కే వచ్చింది. డెల్ఫీన్ పలక తెలుసుగా, బొమ్మ మీద వేలు పెడితే మాట పలుకుతుందే, అది. శీతాకాలంలో బస్సు దిగుతూ జారవిడిచింది. అద్దం మధ్యలో పగులు పారింది. పైవరుస, కిందివరుస పనిచేస్తాయి, మధ్యవి పలకవు. ‘నొప్పి’ గడి మధ్యలో ఉంది. పోయిన నెల అది ఏడుస్తూ పొద్దున్నించీ చంద్రుడి బొమ్మ నొక్కుతూ కూర్చుంది. చంద్రుడంటే నిద్ర. “మిట్టమధ్యాహ్నం నిద్రేంటే, లే” అని కసిరాను కూడా. తర్వాత డాక్టరు చెవిలో లైటు వేసి చూసి, “ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా” అన్నాడు. లోపలంతా చీము. పెద్దమ్మా, నాకు ఆరోజు అన్నం సయించలేదు. నొప్పి అని చెప్పడానికి చోటు లేక, ఉన్న మాటల్లో దగ్గరిదేదో అది ఎంచుకుంది.

పలక బాగుచేయించడానికి లాంతర్ సంస్థకి అప్పుడే అర్జీ పెట్టాను. ఇలా మాట రాని పిల్లల చదువుకి ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పు మన చేతికి రాదు, మధ్యలో ఒక సంస్థ ఉంటుంది. బడి ఫీజైనా పలకైనా ఆ సంస్థ సరే అనాలి. లాంతర్ వాళ్ళు సరే అనరు, కాదనరు. ఫోను చేస్తే పాట వినిపిస్తారు. ఆ పాటంటే డెల్ఫీన్‌కి ఇష్టం, వాళ్ళవల్ల కలిగిన లాభం అదొక్కటే.

లిటిల్ హెరాన్ బడి నడిపే మిసెస్ ఓగుల్‌ట్రీ నన్ను పక్కకి పిలిచి, “పెలికన్ అని ఇంకో సంస్థ ఉంది, చిన్నది. అక్కడ ఫోను మనిషే ఎత్తుతాడమ్మా, పాట కాదు” అంది. స్కాలర్‌షిప్పు అదే, నడిపేవాళ్ళు మారతారు, అంతే. మారదామనుకుంటున్నాను. నువ్వేమంటావు?

నీ
యోలాండా


పైన్ హామక్
మార్చి 14

యోలీ,

ప్రభువు దయవల్ల నేను బాగున్నాను, మోకాళ్ళు తప్ప. చెవి మిషను పెట్టుకుంటే చర్చిలో అందరి దగ్గులూ వినిపిస్తున్నాయి, పాస్టరుగారి మాట తప్ప. అందుకే డ్రాయరులో పెట్టాను.

నువ్వేమంటావు అని అడిగావు కాబట్టి అంటున్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఆ లాంతరో దీపమో, ఆరుతూ వెలుగుతూ ఇన్నాళ్ళూ బడి ఫీజు కడుతోందా లేదా? ఉన్నదాన్ని పట్టుకుని తిట్టుకుంటూ బతకడంలో ఒక సుఖం ఉంది. కొత్తవాడు మొదటిరోజు ఫోను ఎత్తుతాడు. మా వీధిలో కేబుల్ టీవీ వాడూ మొదటిరోజు ఎత్తాడు.

అసలు ఈ మధ్యవర్తులంతా ఎందుకు? ప్రభుత్వం డబ్బు ప్రభుత్వ బడికే ఇవ్వచ్చు కదా. ముప్పై ఏళ్ళు ఆ బడి వంటగదిలో గరిటె తిప్పాను. నువ్వూ అక్కడే తిని పెరిగావు. ఇప్పుడు చూడు, సగం గదులకి తాళాలు. మీ స్కాలర్‌షిప్పుల పుణ్యమా అని పిల్లలు చర్చి హాళ్ళలో, షాపుల పైన పెట్టిన బళ్ళకి పోతున్నారు. అక్టోబరులో తలల లెక్క వారం గుర్తుందా? ఆ వారం బడిలో కూర్చున్న తలలనిబట్టే ఏడాది డబ్బు. వారమంతా మేము దాల్చినచెక్క రొట్టెలు చేసేవాళ్ళం. జ్వరం పట్టిన పిల్లాడు కూడా ఆ వాసనకి లేచి వచ్చేవాడు. ఒక తల ఎక్కువైతే ఒక టీచరు నిలిచేది. ఇప్పుడు రొట్టెలు చేసినా తినేవాళ్ళు లేరు.

ఇదంతా నిన్ను అనడం కాదు. కొంచెం నిన్ను అనడమే.

పిల్ల చెవికి వెల్లుల్లి నూనె వెచ్చచేసి వెయ్యి. డాక్టరు చెప్పకపోయినా వెయ్యి.

పెద్దమ్మ ఒజెల్లా


జాక్సన్‌విల్
జూన్ 20

పెద్దమ్మా,

వెల్లుల్లి నూనె వేయలేదు. డాక్టరు నా కాళ్ళమీద పడ్డంత పనిచేసి వద్దన్నాడు.

మారిపోయాను. చెప్పకుండా మారానని కోపం తెచ్చుకోకు. బడి ఏడాది చివర్లో ఒక్కసారే మారనిస్తారు, ఆ తలుపు మూసేలోగా దూరాలి. లాంతర్ వాళ్ళు మమ్మల్ని వదిలేస్తున్నామని ఒక కాగితం ఇచ్చారు. ఇన్నాళ్ళలో వాళ్ళు వెంటనే చేసిన పని అదొక్కటే. పెలికన్‌లో మిస్టర్ ఫిచ్ అని ఒకాయన మా ఫైలు చూస్తాడు. నిజంగానే ఫోను ఎత్తాడు! “డెల్ఫీన్ ఎలా ఉంది?” అని పేరు పెట్టి అడిగాడు. నాకు ఏడుపొచ్చి, తుమ్ము అని అబద్ధం చెప్పాను.

షరతులు బోలెడున్నాయి. పిల్ల పేరు రెండు చోట్ల ఉండకూడదు, ఈ బడిలో ఉంటే ఆ బడిలో ఉండకూడదు, రాజధానిలో ఏదో జాబితాతో సరిచూస్తారట. అవన్నీ నీకెందుకులే, నీకు అర్థం కావు, బుర్ర పాడుచేసుకోకు.

మన బడి గురించి రాశావు. నీకది ప్రాణమని తెలుసు. కానీ పెద్దమ్మా, నేను చదివే రోజుల్లో డెల్ఫీన్ లాంటి పిల్లల్ని బాయిలరు గది పక్కన కూర్చోబెట్టేవారు. మేము ఆ వరండాలో పరిగెత్తేవాళ్ళం, లోపలికి చూసేవాళ్ళం కాదు. లిటిల్ హెరాన్‌లో మిస్ పెట్రాకిస్ అనే టీచరు ఏడాదిపాటు దీని ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క బొమ్మా నొక్కి చూపించి చూపించి, ‘మళ్ళీ’ అన్న మాట నేర్పింది. దీని మొదటి మాట అది. అమ్మ కాదు, అన్నం కాదు, మళ్ళీ. ఆ బడి వదిలితే నా పిల్ల నోరు మూసుకుపోతుంది. నాకు ఇంకేం తెలియకపోయినా అది తెలుసు.

యోలాండా


పైన్ హామక్
జూన్ 29

యోలాండాకి,

నాకెందుకులే. ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని, నాకెక్కడ అర్థమవుతాయి రాజధాని జాబితాలు! ఏడేళ్ళ పిల్లవి నా గుమ్మంలో మీ అమ్మ పెట్టెతో నిలబడ్డ రోజున కూడా నాకేం అర్థం కాలేదు. అయినా పెంచాను.

బాయిలరు గది సంగతి నిజమే. ఆ పిల్లలకి పళ్ళేలు మోసుకెళ్ళింది నేనే. లోపలికి చూశాను కూడా. ఇప్పుడా గది లేదు, మారింది. నువ్వొచ్చి చూడవు.

తుఫానుల కాలం వస్తోంది. తుఫాను వస్తే నువ్వు పనిచేసే నర్సింగ్ హోము వాళ్ళు పనివాళ్ళందరినీ అక్కడి ముసలాళ్ళతోపాటు లోపల పెట్టి తలుపేస్తారు. అప్పుడు పిల్లని ఎవరికో అప్పగించకు. నా దగ్గరికి తీసుకురా. పసుపు గౌను కుట్టాను దానికి, అది ఇప్పుడు పంపను. వచ్చినప్పుడే.

ఒజెల్లా


జాక్సన్‌విల్
సెప్టెంబరు 22

బంగారు పెద్దమ్మా,

అలిగింది చాలు. నాకు మాట తూలింది, నీకు కోపం తగ్గింది, అని ఇద్దరం అనుకుందాం.

శుభవార్త. పెలికన్ వాళ్ళు కొత్త పలకకి సరే అన్నారు! బాగుచేయడం కాదు, కొత్తదే. బడి ఫీజుకీ సరే అన్నారు. అక్టోబరులో రాజధాని జాబితాతో ఒకసారి సరిచూసి మొదటి విడత వదలగానే పలక బయల్దేరుతుందట. మిస్టర్ ఫిచ్, “ఇది మామూలుగా జరిగేదే అమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి” అన్నాడు. నిశ్చింతగా ఉండటం ఎలాగో మరిచిపోయాను, నేర్చుకోవాలి. మిస్ పెట్రాకిస్ అప్పుడే కొత్త బొమ్మలు గీసి పెట్టింది. పైవరుసలో చంద్రుడి పక్క గడి ఖాళీగా ఉంది కదా, అందులో ఏం పెట్టాలో డెల్ఫీన్‌నే ఎంచుకోనిద్దాం అంటోంది.

సముద్రంలో ఏదో లేచిందని టీవీలో చూపిస్తున్నారు. మన వైపు వస్తే మాత్రం పిల్లని నీ దగ్గర దించి, వెంటనే వెనక్కి రావాలి. ముసలాళ్ళని వదిలే డ్యూటీ కాదు నాది. కూర్చోకుండా పోతున్నానని తిట్టకు.

నీ యోలీ


పైన్ హామక్
అక్టోబరు 17

యోలీ తల్లీ,

ఈ ఉత్తరం డెల్ఫీన్ సంచిలో పెడుతున్నాను. పాస్టరుగారు జాక్సన్‌విల్‌కి నీళ్ళ సీసాలు తీసుకెళ్తున్నారు, ఆ వ్యానులోనే పిల్లని నీ గుమ్మం దాకా దించుతారు. మీ వీధిలో నీళ్ళు తీశాయని విన్నాను. లిటిల్ హెరాన్ హాలు పైకప్పు లేచిపోయిందనీ, నెలాఖరుదాకా తెరవరనీ పాస్టరుగారు చెప్పారు. నువ్వు మీ ముసలాళ్ళతో ఎలా ఉన్నావో, ఏం తిన్నావో.

నువ్వు ఆ వానలో పసుపు కోటు వేసుకుని కారెక్కి పోయాక అది చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడింది. ఏడవలేదు. నేను ఏడ్చాను.

ఇక్కడ గాలి ఎక్కువ, నష్టం తక్కువ. ఓక్ కొమ్మ వరండా మీద పడింది. కరెంటు పోయి, ఫ్రిజ్జులో చేపలన్నీ ఇరుగుపొరుగుకి వేయించి పెట్టాను. ఆ చీకటి కొంపలో పిల్లని ఎలా ఉంచేది? మన బడికి జనరేటరు ఉంది, వేడి తిండి ఉంది. సోమవారమే తెరిచారు. తీసుకెళ్ళాను. గేటు దగ్గర క్రెన్‌షా ఎదురయ్యాడు. ఇప్పుడు వాడే హెడ్మాస్టరు. చిన్నప్పుడు రెండోసారి పాలు అడిగేవాడు, ఆ క్రెన్‌షా.

“మిస్ ఒజెల్లా, ఎవరీ దొరసాని?” అన్నాడు.

“నా మనవరాలు. తుఫాను దెబ్బకి నా దగ్గరికొచ్చింది. కాసేపు కూర్చోనిస్తావా?”

“కాసేపేంటి, రోజూ రానీండి. తుఫాను పిల్లల్ని కాగితాల్లేకుండానే చేర్చుకోమన్నారు. పేరూ పుట్టినరోజూ చెప్పండి చాలు.”

చెప్పాను. యోలీ, ఏ వారమో తెలుసా? తలల లెక్క వారం! వంటగదిలో విల్మా దాల్చినచెక్క రొట్టెలు చేస్తోంది, వాసన గేటుదాకా వచ్చింది. మన డెల్ఫీన్‌ని కూడా లెక్కలో వేశారు! ఇన్నేళ్ళ తర్వాత ఆ బడికి నేనొక తల తీసుకెళ్ళాను. విల్మా నన్ను కౌగిలించుకుంది. నా పాత ఏప్రన్ ఇంకా మేకుకే ఉంది, కట్టుకుని గరిటె పట్టాను.

పిల్లని బాయిలరు గదిలో పెట్టలేదు. కిటికీ పక్కన పెట్టారు. వంటగదిలో కెండ్రా అని కొత్త పిల్ల ఉంది, చురుకైనది. అది పలకని అటూ ఇటూ నొక్కి, చంద్రుడి పక్క ఖాళీ గడిలో ఒక పసుపు బొమ్మ పెట్టి, దాంట్లోకి ఏదో మాట పలికింది. నాకు ఆ పలక గొంతు వినపడదు కదా. కానీ డెల్ఫీన్ దాన్ని వదిలితే ఒట్టు! నొక్కి నా మొహంలోకి చూడటం, మళ్ళీ నొక్కడం. నొక్కినప్పుడల్లా మొక్కజొన్న రొట్టె ముక్క పెట్టాను. తిన్నది. మేమిద్దరం బాగా మాట్లాడుకున్నాం యోలీ. ఇంతకుముందెప్పుడూ అది నాతో అంతగా మాట్లాడలేదు.

గౌను సరిపోయింది. భుజాల దగ్గర కొంచెం వదులు, పెరుగుతుందిలే.

నీ పెద్దమ్మ


జాక్సన్‌విల్
నవంబరు 19

పెద్దమ్మా,

నీ ఉత్తరం వచ్చినరోజు చదివాను. వంటింట్లో బురద కడుగుతూ, నిలబడి చదివాను. నువ్వు ఏప్రన్ కట్టుకున్నావని నవ్వుకున్నాను కూడా. లెక్క అన్న మాట మీద నా కన్ను ఆగలేదు.

నిన్న మిస్టర్ ఫిచ్ తనే ఫోను చేశాడు. “మిసెస్ బివెన్స్, డెల్ఫీన్ ప్రభుత్వ బడిలో చేరిందా?” అన్నాడు. లేదన్నాను. “సువానీ దగ్గర పైన్ హామక్‌లో ఒక బడి జాబితాలో ఉందమ్మా. అక్టోబరు లెక్కలో. పేరు, పుట్టినరోజు సరిపోయాయి. ప్రభుత్వ బడి లెక్కలో ఉన్న పిల్లకి స్కాలర్‌షిప్పు ఇవ్వకూడదు. రాజధాని నుంచి ఆపేయమని వచ్చింది” అన్నాడు. తుఫాను సంగతంతా చెప్పాను. ఆయన విన్నాడు. చివరిదాకా విని, “నాకు చాలా బాధగా ఉంది” అన్నాడు. అబద్ధం కాదు, గొంతులో తెలిసింది.

లాంతర్ వాళ్ళకి ఫోను చేశాను. పాట అయ్యాక ఒకమ్మాయి వచ్చి, “మీరు మా దగ్గర లేరు, జూన్‌లో వదిలేశాం” అంది. వీళ్ళు ఉండనివ్వరు, వాళ్ళు తెలియదంటారు. మళ్ళీ కొత్తగా అర్జీ పెట్టుకుని వచ్చే ఏడాది వరుసలో అందరి వెనకా నిలబడాలట. పలక రాదు. పాత పలక నీ దగ్గర్నుంచి వచ్చిన రాత్రే నల్లబడిపోయింది. ఛార్జింగు పెట్టినా లేవదు.

ఒక మాట అడుగుతాను. కావాలనే చేశావా? ఈ స్కాలర్‌షిప్పులంటే నీకు మంట. మన బడి ఖాళీ అయిందని ప్రతి ఉత్తరంలో రాస్తావు. నా పిల్లని తీసుకెళ్ళి ఆ లెక్కలో వేస్తే నీ పగ చల్లారుతుందనుకున్నావా? ఒక తల తీసుకెళ్ళానని ఎంత సంబరంగా రాశావో, ఆ ఉత్తరం నా ఎదురుగానే ఉంది.

యోలాండా


పైన్ హామక్
నవంబరు 27

యోలాండా,

పగ అన్నావు. దాని సంగతి చివర్లో.

నీ ఉత్తరం చదివిన రోజే చర్చికి వేసుకునే కోటు వేసుకుని బడికి వెళ్ళాను. క్రెన్‌షా గదిలోకి పోయి తలుపేశాను. “ఆ లెక్కలోంచి నా మనవరాలి పేరు కొట్టెయ్యి” అన్నాను. ఏమైందో చెప్పాను.

“మిస్ ఒజెల్లా, ఆ పిల్ల స్కాలర్‌షిప్పు పిల్లని నాకు చెప్పలేదేం?”

“నువ్వు అడిగావా?”

“అడగలేదు.”

“నాకు తెలుసా?”

“మీకెలా తెలుస్తుంది!”

“అయితే తప్పు రాశామని రాసిపంపు. దిద్దు.”

వాడు తల పట్టుకున్నాడు. “తప్పయితే దిద్దేవాణ్ణే. ఆ వారం అది ఇక్కడే కూర్చుంది కదా! హాజరు వేశాం, అన్నం పెట్టాం. కూర్చోలేదని నేను సంతకం పెడితే అది అబద్ధం. ఆడిటు వాళ్ళొచ్చి అడిగితే బడి మొత్తం ఇరుక్కుంటుంది. తుఫానులో వచ్చిందని కాగితం రాసిస్తాను, అంతవరకే నా చేతిలో ఉంది” అన్నాడు. రాసిచ్చాడు. దీంతో పంపుతున్నాను. నీ ఫిచ్‌కి ఇవ్వు.

నేను వాడికి రెండోసారి పాలు పోసినదాన్ని అని గుర్తుచేశాను. సిగ్గులేకుండా గుర్తుచేశాను. వాడు ఏడ్చాడు గానీ కొట్టెయ్యలేదు.

ఇప్పుడు నీ ప్రశ్న. షరతులు ఉన్నాయన్నావు, నీకు అర్థం కావులే అన్నావు. ఒక్క ముక్క, ‘పెద్దమ్మా, ప్రభుత్వ బడి గడప తొక్కించకు’ అని రాసుంటే ఆ చీకట్లోనే ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. నాకా ముక్క దక్కలేదు. పగ అన్న మాట మాత్రం దక్కింది. ఆ బడంటే నాకు ప్రేమ, నిజమే. కానీ ఆ పిల్లని తీసుకెళ్ళింది దానికి వేడి అన్నం పెట్టడానికి. లెక్క సంగతి గేటు దగ్గర తెలిసింది, తెలిశాక సంతోషించాను. ఆ సంతోషమే ఇప్పుడు నన్ను తింటోంది. నువ్వు తినక్కర్లేదు.

ఒజెల్లా


జాక్సన్‌విల్
జనవరి 15

పెద్దమ్మా,

ఇన్నాళ్ళూ రాయలేదు. పండక్కి నువ్వు పంపిన పెట్టె విప్పడానికి కూడా చెయ్యి రాలేదు. డెల్ఫీనే విప్పి, రిబ్బను మెళ్ళో వేసుకుని తిరిగింది.

పగ అన్నాను. ఆ మాట నిన్ను అనకూడదు. ఎవరినో ఒకరిని అనాలి, దొరికింది నువ్వు. మిస్టర్ ఫిచ్‌ని తిట్టలేను, ఆయన మంచివాడు. క్రెన్‌షా కాగితం జతచేసి ఆయనే పైకి రాశాడు, రెండుసార్లు రాశాడు. ‘విద్యార్థిని హాజరైనట్టు పాఠశాలే ధృవీకరించినందున’ అని జవాబొచ్చింది. మనకి సాయం చేస్తుందనుకున్న కాగితమే సాక్ష్యమైంది. అందరూ మంచివాళ్ళే పెద్దమ్మా. ఒక్క చెడ్డవాడు దొరికితే వాడి గుమ్మం ముందు కూర్చుని ఏడ్చేదాన్ని.

లిటిల్ హెరాన్‌లో దీని కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశారు. మిసెస్ ఓగుల్‌ట్రీ డిసెంబరుదాకా ఊరికే ఉంచుకుంది, పైకప్పు బాగుచేయించుకోవాలి, ఇక ఆమె వల్ల కాలేదు. మిస్ పెట్రాకిస్ వీడ్కోలు చెప్పడానికి వస్తే డెల్ఫీన్ ఆమె వేలు పట్టుకుని నల్లబడ్డ పలక మీద పెట్టింది. ఆవిడ లేచి బయటికి పోయింది.

ఇప్పుడు ఇక్కడి ప్రభుత్వ బడికి వెళ్తోంది. చెడ్డది కాదు. కాకపోతే ఆ గదిలో పిల్లలెక్కువ, మాట నేర్పే టీచరు వారానికోసారి వస్తుంది, పలక కోసం వాళ్ళ దగ్గరా ఒక వరుస ఉంది. ఆయా నాతో, “చాలా బుద్ధిమంతురాలండీ మీ అమ్మాయి, అసలు గొడవే చెయ్యదు” అంది. మెచ్చుకుందామని అంది. నేను కారులో కూర్చుని స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. నా పిల్ల గొడవ చేసే పిల్ల పెద్దమ్మా. ‘మళ్ళీ’ అని పదిమందిని విసిగించే పిల్ల.

కొండనాలుక సామెత రాశావు మార్చిలో. అప్పుడు విసుగొచ్చింది. మందు వేసింది నేనే. వేయకపోయినా చెవిలో చీము పట్టేది.

యోలీ


పైన్ హామక్
ఫిబ్రవరి 9

నా తల్లీ యోలీ,

నీ ఉత్తరం వచ్చింది. మొదటి వాక్యం చదివి బైబిలులో పెట్టి, ప్రార్థన చేసుకుని, మిగతాది చదివాను.

నువ్వు పగ అన్న మాట వెనక్కి తీసుకున్నావు. నేను ‘నాకా ముక్క దక్కలేదు’ అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు చెప్పినా నేను వినకపోయేదాన్నేమో. చెవులూ లేవు, మొండితనమూ ఉంది.

ఒకటి ఆలోచించాను. ఎటూ ప్రభుత్వ బడే అయినప్పుడు ఈ బడే ఎందుకు కాకూడదు? ఇద్దరూ వచ్చెయ్యండి. ఇక్కడ గదిలో పిల్లలు తక్కువ. ఖాళీ బడి అని ఏడ్చాను గానీ, ఖాళీగా ఉంటే టీచరు పిల్ల మొహం చూస్తుంది. క్రెన్‌షాని అడిగాను. “పలక నేను పట్టుకొస్తాను మిస్ ఒజెల్లా, నా జీతంలోంచైనా సరే. ఆగస్టుకి తీసుకురండి” అన్నాడు. సిగ్గుపడి అన్న మాట, నిలబెట్టుకుంటాడు. ఇక్కడికి దగ్గరే, లైవ్ ఓక్ ఊళ్ళో కొత్త నర్సింగ్ హోము కట్టారు, మనుషులు కావాలని బోర్డు పెట్టారు. నీ గది అలాగే ఉంది. కుట్టుమిషను తీసేస్తాను.

వస్తావు కదూ?

పెద్దమ్మ


జాక్సన్‌విల్
మార్చి 18

పెద్దమ్మా,

వస్తాం. ఇల్లుగలాయనకి చెప్పేశాను, జూలైలో ఖాళీ చేస్తున్నాం. లైవ్ ఓక్ వాళ్ళకి అర్జీ పంపాను. బాయిలరు గది అంటూ నీ బడిని ఆడిపోసుకున్నదాన్ని, చివరికి ఆ గేటు దగ్గరికే వస్తున్నాను. నవ్వుకో, నీ హక్కు.

ఇంకోటి అడగాలి. డెల్ఫీన్ ఆ నల్ల పలకని వదలదు. ఒళ్ళో పెట్టుకుని ఖాళీ అద్దం మీద వేలు పెడుతుంది, నా మొహంలోకి చూస్తుంది. ఏ మూల ఏ మాట ఉండేదో నాకు గుర్తుంది కాబట్టి నేను పైకి అంటాను. కింద ఎడమ మూల పెడితే ‘మళ్ళీ’. పక్కన ‘నీళ్ళు’. పై మూల పెడితే ‘నిద్ర’. నేనే దాని పలకనయ్యాను. సరిగ్గా చెబితే చెయ్యి తీస్తుంది.

కానీ ఎక్కువసార్లు చంద్రుడి పక్క గడి మీద పెడుతోంది. మీ దగ్గర కెండ్రా పెట్టిన మాట అది. నేనెప్పుడూ వినలేదు. ఇక్కడికొచ్చిన రాత్రే పలక ఆరిపోయింది. నాకు తోచినవన్నీ చెప్పి చూశాను, చెయ్యి తీయదు. కొట్టుకుంటుంది పెద్దమ్మా, ఆ గడిని గోటితో గీరుతుంది. ఏమిటా మాట?

యోలీ


పైన్ హామక్
ఏప్రిల్ 5

యోలీ,

ముందు చెడ్డ కబురు. మంగళవారం జిల్లా బళ్ళ బోర్డు వాళ్ళు ఓటేశారు. జూన్‌లో మన బడి మూసేస్తున్నారు. పిల్లల్ని బస్సెక్కించి జిల్లా బడికి పంపుతారు, పొద్దున చాలాసేపు బస్సులోనే ఉండాలి. తలలు చాలలేదట. క్రెన్‌షాని ఎక్కడ వేస్తారో వాడికే తెలియదు. మీటింగులో నేనూ లేచి మాట్లాడాను. వాళ్ళేమన్నారో నాకు వినపడలేదు, విననట్టే కూర్చున్నాను. బయటికొచ్చాక విల్మా నా ఏప్రన్ మేకునుంచి తీసి చేతిలో పెట్టింది. డెల్ఫీన్ తల ఒకటి తీసుకెళ్ళాను, దానికీ మేలు జరగలేదు, బడికీ జరగలేదు.

ఇల్లు ఖాళీ చేయడం లేదని చెప్పు ఇల్లుగలాయనకి, ఇంకా కుదిరితే. కుదరకపోతే వచ్చెయ్యి. బడి లేకపోయినా గది ఉంది.

ఇక నువ్వు అడిగింది. కెండ్రా బడి మూస్తారని ముందే విని జార్జియా వెళ్ళిపోయింది. నంబరు పట్టుకుని పాస్టరుగారి చేత ఫోను చేయించాను, అది పనిచేయడం లేదట. వంటగదిలో అందరినీ అడిగాను. విల్మా ‘రొట్టె’ అనే పలికేదంది. గిన్నెలు తోమే హాటీ, కాదు, ‘ఎండ’ అంది. బల్లలు తుడిచే ముసలాయన, మొదటిరోజు పిల్ల కిటికీ వదిలి రాకపోతే కెండ్రా ఆ బొమ్మ పెట్టిందనీ, అది పసుపు కోటు బొమ్మనీ అన్నాడు. పలికిన మాట మాత్రం ఆయనకి గుర్తులేదు. నువ్వు ఆ వానలో వేసుకుపోయిందీ పసుపు కోటే. ఎంతైనా ఆ హాల్లో గోల.

నాకు తెలియదు తల్లీ. దాని ఎదురుగా కూర్చున్నది నేను, వినపడనిది కూడా నాకే. ఆ రోజు చెవి మిషను డ్రాయరులో ఉంది. ఇప్పుడు పెట్టుకున్నాను, నీకు ఈ ఉత్తరం రాస్తుంటే కలం గీరుకోవడం వినిపిస్తోంది.

అది నొక్కినప్పుడల్లా నేను రొట్టె పెట్టాను. ఆకలేస్తే ఎవరైనా తింటారు. తిన్నది కాబట్టి అదే అడిగిందనుకున్నాను.

నీ పెద్దమ్మ